తలకాయకు ఇన్ని అణాలు: ఫలితాన్ని బట్టి పంతులు జీతం, వాడ పిలగాడి లెక్క

సర్కారు బడి పంతులుకు ప్రోత్సాహక జీతం ఎప్పుడివ్వాలి, ఏ అర్హత చూసి ఇవ్వాలి? ఈ ప్రశ్న కొన్నేళ్ళకొకసారి కొత్తగా పుట్టినట్టు మన ముందుకొస్తుంది. పిల్లలకు చదువు రావటం లేదు, పంతులుకు మాత్రం నెల తిరిగేసరికి జీతం వస్తోంది, కాబట్టి జీతాన్ని మార్కులకు ముడిపెడితే అంతా దారికొస్తుందని ఒక పక్షం అంటుంది. బడి కార్ఖానా కాదు, పిల్లలు సరుకు కాదు అని ఉపాధ్యాయ సంఘాలు అంటాయి. వాదన ఈ రెండు మాటల మధ్యే తిరిగి అలిసిపోతుంది.

మేము అడగదలుచుకున్నది మూడో ప్రశ్న. పంతులు అర్హతను లెక్కగట్టేటప్పుడు ఏ పిలగాడిని లెక్కలోకి తీసుకుంటున్నారు, ఏ పిలగాడిని లెక్క బయట నిలబెడుతున్నారు? మాలపల్లె, మాదిగగూడెం పిల్లల వైపు నుంచి చూస్తే ఈ పథకం కొత్తదేమీ కాదు. దీని వయసు నూట అరవై ఏళ్ళ పైనే. మన తాతముత్తాతలను బడి గడప బయట నిలబెట్టిన లెక్కల్లో ఇదీ ఒకటి. అందుకే ముందు చరిత్ర చూద్దాం.

1. దొరల దేశంలో మొదలు

ఈ పద్ధతికి పేరుమోసిన పుట్టిల్లు ఇంగ్లండు. అక్కడ పేదల బడులకు సర్కారు ఇచ్చే డబ్బు ఏటేటా పెరిగిపోతోందని పాలకులకు దిగులు పట్టింది. 1861లో న్యూకాజిల్ కమిషన్ నివేదిక వచ్చింది. మరుసటి ఏడు, 1862లో, విద్యాశాఖ బాధ్యత చూసే రాబర్ట్ లో కొత్త కోడ్ తెచ్చాడు. ఆరేళ్ళు దాటిన పిలగాడు ఏడాదిలో 200 పూటలకు మించి హాజరై ఉండాలి. అట్లా హాజరైన పిలగాడిని ఇన్‌స్పెక్టరు చదువు, రాత, లెక్కలు మూడింట్లోనూ పరీక్ష చేస్తాడు. మూడూ పాసైతే బడికి ఎనిమిది షిల్లింగులు. ఒక్కటి తప్పితే రెండు షిల్లింగుల ఎనిమిది పెన్నీలు కోత. సగటు హాజరుకు ఇచ్చే నాలుగు షిల్లింగులు వేరే.

ఈ డబ్బు నేరుగా పంతులు చేతికి రాదు. బడి నడిపే మేనేజర్లకు వస్తుంది. వాళ్ళు పంతులుతో బేరమాడుకుంటారు. పిలగాడు తప్పితే మేనేజరుకు కోత, మేనేజరుకు కోతపడితే పంతులుకు కోత. సర్కారు మాత్రం హాయిగా ఉంది. 1861లో 8 లక్షల 13 వేల పౌండ్లున్న గ్రాంటు 1865 నాటికి 6 లక్షల 36 వేలకు దిగింది. చదువు పెరిగిందో లేదో గానీ ఖర్చు తగ్గింది. అసలు ఉద్దేశంలో అదొక భాగమే గదా!

కవి, విమర్శకుడు అయిన మాథ్యూ ఆర్నాల్డ్ అప్పుడు బడుల ఇన్‌స్పెక్టరు. ఉద్యోగంలో ఉండి కూడా ఈ కోడ్‌ను 1862లోనే బహిరంగంగా విమర్శించాడు. పరీక్షకు వచ్చే మూడు విషయాలే బడిగా మారిపోతాయని, తక్కినదంతా ఎండిపోతుందని ఆయన భయం. జరిగిందీ అదే. పిల్లలు వాచకం మొత్తాన్ని బట్టీపట్టి అప్పజెప్పేవాళ్ళు. 1890 తరువాత ఇంగ్లండు మెల్లమెల్లగా ఈ పద్ధతిని వదిలించుకుంది, 1897 నాటికి పూర్తిగా తుడిచేసింది. ఆలోపలే అది ఓడెక్కి మన దగ్గరికి వచ్చింది.

2. మద్రాసు రాజధానిలో రెండు నిచ్చెనలు

1854 నాటి వుడ్ లేఖతో సర్కారు అన్ని బడులనూ తానే పెట్టకుండా ఇతరులు నడిపే బడులకు సాయం చేసే గ్రాంటు పద్ధతి ఖాయమయింది. కోస్తా జిల్లాలు, రాయలసీమ అప్పుడు మద్రాసు రాజధానిలోవి. 1860ల్లో మద్రాసు గ్రాంటు నిబంధనలు ఒక రూపుకొచ్చాయి. 1868 నాటికి ఫలితాల గ్రాంటు గట్టిగా అమల్లోకి వచ్చింది.

ఇక్కడ రెండు నిచ్చెనలు వేశారు. ఒకటి జీతం గ్రాంటు. సర్టిఫికెట్ ఉన్న పంతులుకు ఆయన జీతంలో కొంత భాగం సర్కారు భరిస్తుంది. రెండోది ఫలితాల గ్రాంటు. సర్టిఫికెట్ లేని వీధిబడి పంతులుకు దిక్కు ఇదే. ఆయన బడికి ఏడాదికొకసారి అధికారి వస్తాడు. ఇన్ని రోజులు హాజరైన పిల్లలను వరసగా నిలబెడతాడు. చదువుకు ఇంత, రాతకు ఇంత, లెక్కలకు ఇంత అని తరగతి వారీగా, తలకాయ వారీగా రేటు. ఎన్ని తలకాయలు గట్టెక్కితే అన్ని రేట్ల మొత్తం.

ఈ తేడాను మనం గట్టిగా పట్టుకోవాలి. చదువుకుని, ట్రెయినింగయి, సర్టిఫికెట్ సంపాదించగలిగిన వాడికి నెల నెలా నిలకడ. ఊరి అరుగు మీద ఇసుకలో అక్షరాలు దిద్దించే వాడికి ఏడాదికొక్క రోజు జూదం. ఆ రోజు వాన పడితే, అమ్మవారు సోకితే, కోతలు ముంచుకొస్తే ఆ ఏడాది అంతే.

1871లో లోకల్ ఫండు చట్టం వచ్చింది. భూమి మీద సెస్సు వేసి, రోడ్లకూ ఆస్పత్రులకూ పోగా కొంత బడులకు కేటాయించారు. ఊళ్ళల్లో వీధిబడులు పెద్ద సంఖ్యలో ఫలితాల గ్రాంటు కిందికి వచ్చాయి. కాగితం మీద బడుల సంఖ్య పెరిగింది. సెస్సు కట్టింది పట్టాదారు. ఆ సెస్సుకు మూలమైన పంట పండించింది పాలేరు. ఆ సెస్సుతో చదివిందెవరు?

3. వాడ పిలగాడి లెక్క

ఒక లెక్క వేసుకుందాం. ఇది రికార్డుల్లోంచి తీసింది కాదు, విషయం అర్థం కావటానికి మేము కట్టుకున్న ఊహా లెక్క. ఒక ఊళ్ళో అరుగు బడి. ఇరవైమంది పిల్లలు, అందరూ సవర్ణుల ఇళ్ళవాళ్ళు. ఒక్కొక్క ఇంటి నుంచి పంతులుకు నెలకు కొద్ది అణాలు, పండక్కి ధాన్యం, పెళ్ళికి పంచె. దీనిపైన ఏడాదికొకసారి సర్కారు వారి ఫలితాల గ్రాంటు. ఇప్పుడు మాదిగగూడెం నుంచి ఒక పిలగాడు వచ్చి నేనూ చదువుకుంటానన్నాడు. వాడు ఏడాదంతా వచ్చి మూడు విషయాలూ పాసైతే పంతులుకు మరికొన్ని అణాలు. కానీ వాడు అరుగెక్కిన మరునాడు పదిమంది తల్లిదండ్రులు తమ పిల్లలను మాన్పిస్తారు. పది ఇళ్ళ ధాన్యం పోతుంది. పంతులు ఉంటున్న ఇల్లు కూడా వాళ్ళలో ఒకరిదే అయి ఉంటుంది. పంతులు ఎటు మొగ్గుతాడు?

పంతులు మంచివాడా చెడ్డవాడా అన్నది ఇక్కడ అసలు ప్రశ్న కాదు. సర్కారు చూపించిన ఆశ అణాల్లో ఉంది, ఊరు చూపించిన భయం బతుకంత ఉంది. ఊరి కులం చేతిలో ఇంత పెద్ద జరిమానా పెట్టి, సర్కారు చేతిలో ఇంత చిన్న బహుమానం పెట్టి, ఇక పోటీ పడమంటే గెలిచేది కులమే.

ఒకవేళ వాడిని చేర్చుకున్నా రెండో గండం హాజరు. వాడి తండ్రి పాలేరు, తల్లి కూలి. నాట్లప్పుడు చంటిదాన్ని ఎత్తుకోవాలి, కోతలప్పుడు పరిగె ఏరాలి, మిగతా రోజుల్లో దొర గొడ్లు కాయాలి. పరీక్షకు కావలసినన్ని రోజులు వాడు బడికి రాలేడు. హాజరు చాలని పిలగాడి మీద పంతులు పడ్డ కష్టానికి విలువ సున్నా. అప్పుడు పంతులు బుర్రలో సహజంగా పుట్టే ఆలోచన ఏంటంటే, పాసయ్యే వాడి మీద కష్టపడదాం, పాసుకాని వాడిని వెనక కూర్చోబెడదాం. మొద్దు అన్న మాట మన పిల్లల నెత్తిన రుద్దటం వెనక కులద్వేషం ఒక్కటే లేదు. దాని పక్కన ఒక పద్దు పుస్తకం కూడా ఉంది.

మరి సర్కారు కులం పట్టింపు లేదన్నది గదా అని ఎవరన్నా అడగొచ్చు. అన్నది, నిజమే. 1856లో ధార్వాడలో ఒక మహర్ కుర్రాడు సర్కారు బడిలో చేరతానని దరఖాస్తు పెట్టుకుంటే బొంబాయి ప్రభుత్వం కాదన్నది. ఈ కథను అంబేద్కర్ తన రచనల్లో మళ్ళీ వెలికితీసి చూపించారు. ఆ గొడవ పైదాకా పోయి, పూర్తిగా సర్కారు ఖర్చుతో నడిచే బడులు అన్ని కులాలకూ తెరిచే ఉండాలని 1858లో కంపెనీ డైరెక్టర్లు చెప్పారు. 'పూర్తిగా' అన్న ఆ ఒక్క మాటలోనే కిటుకంతా ఉంది. అరుగు బడి పూర్తిగా సర్కారుది కాదు, ఫలితం కొనుక్కునే బడి మాత్రమే. కాబట్టి సూత్రం దానికి వర్తించదు. డబ్బు సర్కారుది, గడప కులానిది.

4. ఫూలే చెప్పిన మాట

1882లో హంటర్ అధ్యక్షతన విద్యా కమిషన్ కూర్చుంది. దాని ముందుకు పూణే నుంచి జోతిరావు ఫూలే విన్నపం వెళ్ళింది. ఆడపిల్లల బడి, మహర్ మాంగ్ పిల్లల బడులు తానే నడిపిన అనుభవంతో ఆయన రాశాడు. రైతుల సొమ్ముతో పైకులాల పై చదువులు సాగుతున్నాయన్న ఆయన ఆరోపణ మనలో చాలామందికి తెలుసు. పంతులు జీతం గురించి ఆయన చెప్పింది మాత్రం ఎవరూ పెద్దగా ఎత్తి చెప్పరు.

ఫలితాన్ని బట్టి చెల్లించే పద్ధతి పేద జనానికి, చదువు రుచి ఇంకా తెలియని జనానికి పనికిరాదని ఫూలే తేల్చి చెప్పాడు. కారణం కూడా చెప్పాడు. అట్లాంటి జనం మధ్య ఏ పంతులూ సొంత పూచీ మీద బడి పెట్టడు, పెడితే వాడికి బతుకు గడవదు. కాబట్టి అక్కడ సర్కారే బడి పెట్టాలి. పంతులు రైతుకులాల నుంచి రావాలి, నాగలి పట్టటానికీ బాడిస పట్టటానికీ సిగ్గుపడనివాడై ఉండాలి. ట్రెయినింగయిన పంతులుకు నెలకు 12 రూపాయలకు తగ్గకుండా, పెద్ద ఊళ్ళల్లో 15, 20 రూపాయలు ఇవ్వాలి.

అయితే ఫూలే ప్రోత్సాహకాన్ని ససేమిరా వద్దనలేదు. పంతుళ్ళకు పిల్లల సంఖ్యను బట్టి అలవెన్సు ఇస్తే బడులకు ఆదరణ పెరుగుతుందని ఆయనే సూచించాడు. ఇక్కడ కొందరికి రెండు నాలుకల మాటలాగా కనబడొచ్చు. కానే కాదు. నిలకడైన జీతం కింద పునాదిగా ఉండి, పైన ప్రోత్సాహకం ఉండటం వేరు. పునాదే లేకుండా బతుకంతా ఫలితం మీద వేలాడటం వేరు. మొదటిది పంతులుకు ధైర్యం, రెండోది భయం. ఈ తేడాను 1882లోనే మన మనిషి పట్టుకున్నాడు.

కమిషన్ ఏం చేసింది? 1883లో వచ్చిన దాని నివేదిక, ప్రాథమిక బడులకు సాయం చాలావరకు పరీక్షా ఫలితాన్ని బట్టే ఉండాలన్నది. వెనకబడ్డ జిల్లాలకు ప్రత్యేక నిబంధనలు పెట్టుకోవచ్చని ఒక సందు వదిలింది. కింది కులాల పిల్లల కోసం ప్రత్యేక బడులు, తరగతులు ప్రోత్సహించాలని కూడా అన్నది. కానీ కాలేజీల దగ్గరికొచ్చేసరికి ఫలితాల చెల్లింపు వద్దన్నది! ఎవరి పిల్లలు కాలేజీలో ఉన్నారో, ఎవరి పిల్లలు అరుగు బడి గడప దగ్గరున్నారో మనం వేరే చెప్పక్కర్లేదు. పైన ఉన్నవాడికి నిలకడ, కింద ఉన్నవాడికి పరీక్ష. ఆనాటి నుంచి ఈనాటి దాకా ఈ న్యాయం మారలేదు.

5. పాలెం బడి, పంచమ బడి

అరుగు ఎక్కనివ్వకపోతే మన పిల్లలకు చదువు ఎక్కడ దొరికింది? మిషన్ల పాలెం బడుల్లో. ఒంగోలు చుట్టూ మాదిగపల్లెల్లో క్లౌ దొర బాప్టిస్టు మిషన్, గుంటూరు వైపు లూథరన్లు, కడప ప్రాంతంలో లండన్ మిషన్. వీటికి దారి వేసింది దొరలొక్కరే కాదు, యెర్రగుంట్ల పేరయ్య లాంటి మన పెద్దలు. పాలెం బడిలో పంతులూ, ప్రార్థన చెప్పేవాడూ ఒకడే. తరచుగా అదే వాడ మనిషి. ఆయన బతుకు ఊరి ధాన్యం మీద ఆధారపడలేదు, మిషన్ ఇచ్చే చిన్నదే అయినా నెల జీతం మీద నిలబడింది. మిషన్లు కూడా సర్కారు గ్రాంటు తీసుకున్నాయి. అయితే ఒక ఏడు పిల్లలు తప్పితే ఆ నష్టానికి పంతులుకూ ఆకలికీ మధ్య మిషన్ అడ్డంగా ఉండేది. ఊహా లెక్కలో అరుగు పంతులు చేయలేని పని పాలెం పంతులు చేయగలగటానికి ఇదొక ముఖ్య కారణమని మా అభిప్రాయం.

1891లో చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ పరయల దుస్థితి మీద నివేదిక రాశాడు. ఆ కదలికలో భాగంగానే 1893 ఫిబ్రవరి 1న మద్రాసు ప్రభుత్వం విద్యాశాఖ ఉత్తర్వు 68 వచ్చింది. పంచముల చదువుకు ఇదే మాగ్నా కార్టా అని కొందరు పొగిడారు. పంచములు ఎక్కువగా ఉన్న ఊళ్ళల్లో ప్రత్యేక బడులు, బడి కట్టుకోవటానికి పోరంబోకు స్థలాలు, మామూలు కన్నా ఎక్కువ సాయం ఇందులో ఉన్నాయి. ఇవి చిన్న విషయాలు కావు. కానీ జాగ్రత్తగా చూడండి. సాయం పెంచటమంటే పంచమ పిలగాడి తలకాయకు ధర పెంచటం మాత్రమే. అరుగు గడపకున్న తాళం తీయటం కాదు. బడి మళ్ళీ వాడలోనే పెట్టుకోవాల్సి వచ్చింది.

1904లో కర్జన్ ప్రభుత్వ విద్యా తీర్మానంతో ఫలితాల చెల్లింపుకు కాలం చెల్లింది. ఆ దశాబ్దంలోనే మద్రాసు కూడా దాన్ని వదిలేసింది. నిజాం రాజ్యంలో, హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ 1910 నుంచి మన పిల్లల కోసం బడులు పెట్టించారు. 1917లో బెజవాడ సభలో పంచములం కాదు, ఆది ఆంధ్రులమని చాటారు. మా పిలగాడి ధర ఎంత అని అడగకుండా, మా పిలగాడి హక్కు ఏది అని అడిగే కాలం అట్లా మొదలయింది.

6. మళ్ళీ వచ్చిన లెక్క

సుమారు వందేళ్ళకు అదే ఆలోచన మన రాష్ట్రానికి మళ్ళీ వచ్చింది. 2005 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విశాఖపట్నం, కడప, ఆదిలాబాద్, మెదక్, నిజామాబాద్ జిల్లాల పల్లెటూరి సర్కారు ప్రాథమిక బడుల్లో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి చేసిన పని. పరిశోధకులు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్. చీటీలు తీసినట్టు 500 బడులను ఎంచి, వంద బడుల్లో ఒక్కొక్క పంతులుకూ విడిగా బోనస్, మరో వంద బడుల్లో పంతుళ్ళందరికీ కలిపి బోనస్ పెట్టారు. ఇంకో వంద బడులకు అదనంగా కాంట్రాక్టు పంతులునిచ్చారు, మరో వందకు సామాన్ల కోసం డబ్బిచ్చారు, మిగతా వందను పోల్చి చూసుకోవటానికి వదిలారు.

అర్హత సూత్రం ఇది. ఏడాది మొదట్లో ఒక పరీక్ష, చివర్లో ఒక పరీక్ష. పంతులు పిల్లల సగటు మార్కు 5 శాతం దాటి పెరిగితే, ఆ పైన పెరిగిన ఒక్కొక్క శాతానికి 500 రూపాయలు. మొత్తం మీద బోనస్ ఏడాది జీతంలో సుమారు 3 శాతం ఉండేట్టు లెక్క వేసుకున్నారు. జీతం జీతమే, బోనస్ పైన.

నిజాయితీగా ఒప్పుకోవాల్సిందేమంటే, రెండేళ్ళయ్యేసరికి బోనస్ బడుల పిల్లలు మిగతావాళ్ళ కన్నా లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనం ముందున్నారు. బోనస్ లేని సైన్సు, సాంఘిక శాస్త్రాల్లో కూడా ముందున్నారు. షెడ్యూల్డు కులాల, తెగల పిల్లలకు ప్రత్యేకంగా నష్టం జరిగిందని ఆ లెక్కల్లో తేలలేదు. పంతుళ్ళ గైర్హాజరు మాత్రం తగ్గలేదు. వచ్చిన రోజు ఎక్కువ పని చేశారు, అదనపు తరగతులు తీసుకున్నారు.

1868 నాటి లెక్క మన పిల్లల్ని బయట నిలబెడితే, 2005 నాటిది అట్లా ఎందుకు చేయలేదు? మాకు మూడు కారణాలు కనబడుతున్నాయి. ఒకటి, ఇక్కడ కింద నిలకడైన జీతం ఉంది. ఫూలే అడిగిన పునాది అదే. రెండు, పాసు గీత లేదు. ఎవడు ఎక్కడ ఉన్నా వాడు అక్కణ్ణించి ఎంత ముందుకు పోయాడన్నదే లెక్క. వెనక బెంచీ పిలగాడు రెండు మెట్లెక్కినా పంతులుకు విలువే. మూడు, అప్పటికి మన పిల్లలు బడి లోపల ఉన్నారు. ఆ మూడోది ఏ బోనసూ సాధించి పెట్టలేదు. నూరేళ్ళ పోరాటం, రాజ్యాంగం, రిజర్వేషన్లు, మన మధ్య నుంచి వచ్చిన పంతుళ్ళు సాధించి పెట్టినది.

ఆ ప్రయోగం రాష్ట్రమంతటా విధానంగా మారలేదు. దాని పక్కనే నడిచిన కాంట్రాక్టు పంతుళ్ళ పద్ధతి మాత్రం అంతటా పాకింది. నెలకు 398 రూపాయల మీద పనిచేసిన స్పెషల్ టీచర్లను, ఆ తరువాత వచ్చిన విద్యా వాలంటీర్లను మనమెవరం మర్చిపోలేదు. 1868 నాటి రెండు నిచ్చెనలు ఇవే గదా! ఒకడికి జీతం, ఒకడికి ఆశ.

7. ఇప్పుడు మనం అడగాల్సింది

కాబట్టి రేపు ఏ ప్రభుత్వమన్నా ప్రోత్సాహక జీతం మాటెత్తితే వెంటనే అవుననో కాదనో అనకండి. ఈ ప్రశ్నలు అడగండి. పంతులుకు కింద నిలకడైన పూర్తి జీతం ఉందా, లేక అది కోసి దీన్నిస్తున్నారా? అర్హతకు కొలత పాసు గీతా, పిలగాడు నడిచిన దూరమా? కూలికి పోయి హాజరు తప్పిన పిలగాడు లెక్కలో ఉంటాడా, పేరు కొట్టేస్తారా? హాస్టలు పిల్లలున్న బడి పంతులునూ, తల్లిదండ్రులు ఇంటి దగ్గర చదివించే పిల్లలున్న బడి పంతులునూ ఒకే తక్కెడలో తూస్తున్నారా? పరీక్ష ఎవరు పెడుతున్నారు? పిలగాడిని కులం పేరుతో అవమానించి కూడా మార్కులు రాబట్టిన పంతులుకు బోనస్ ఇస్తారా?

ఆఖరి ప్రశ్నకు ఏ సూత్రంలోనూ గడి లేదు. మార్కును కొలవగలరు, పిలగాడు తలెత్తుకుని ఇంటికి వెళ్ళాడా తలదించుకుని వెళ్ళాడా అన్నది కొలవరు. ఆ గడిని చేర్పించాల్సింది మనమే. పంతుళ్ళలో ఉన్న మనవాళ్ళు సంఘం మీటింగుల్లో ఈ మాట ముందు పెట్టాలి. విద్యార్థులు తమ ఊరి బడి పాత రిజిష్టర్లు తిరగెయ్యాలి, ఎవరి పేర్లు ఏ ఏడు కొట్టేశారో చూడాలి. వందేళ్ళ కిందట మన పిలగాడి తలకాయకు ఇన్ని అణాలని ధర కట్టారు. ఇప్పుడు లెక్క మనం అడుగుదాం.